చోళ్ల పొలంలో శిలువ

మొన్న అనంతగిరి సంతలో చింతపండు బుట్ట దించుకుంటూనే ఒక కొండ ముసలమ్మ చెప్పింది, "ఉపదేశి బాబు పోనాడు, సావుకారూ" అని. మన్యం జ్వరమట. త్రాసు కింద పెట్టేశాను. ఆ పూట ఇక బేరం చేయబుద్ధి కాలేదు.

ఆయన పై ఊళ్లో చర్చికి ఉపదేశి. నేను మైదానం నుంచి వచ్చి ఉప్పు అమ్ముకునేవాణ్ణి. సంతరోజున నా కొట్టు ముందు కూర్చుని, నా నుదుటి విభూతి చూసి, "మీ దేవుడు కులాసాయేనా?" అనేవారు. "మీవాణ్ణి అడిగానని చెప్పండి" అనేవాణ్ణి.

చర్చి వెనక ఒక చోళ్ల పొలం, అదే రాగి చేను, ఉండేది. ఆ పంటతో దిక్కులేనివాళ్లకు అంబలి కాచేవారు. దేవుడి పొలమని దానికి పన్ను లేదు. గట్టున శిలువ ఉండేది. పన్ను తప్పిస్తున్నది ఆ శిలువేనని ఊరివాళ్లు అనుకున్నారు. ఒక ఏడు పన్ను వేళకి ప్రతి పోడులోనూ వెదురు శిలువలు లేచాయి, కొండదేవతకు కోళ్లు కోసేవాళ్ల పోడుల్లో కూడా. నేను నవ్వాను. పన్ను అధికారి నవ్వలేదు.

అది రోడ్డు వెట్టికి పోయేది లేదని కొండజనం మొండికేసిన కాలం. అధికారి నా కొట్టు ముందే ఉపదేశిని నిలదీశాడు.

"శిలువలున్నవన్నీ చర్చి పొలాలేనని రాసుకుని పన్ను వదిలేస్తాను. వెట్టికి పోకపోతే పాపమని ఆదివారం ప్రసంగంలో చెప్పు. చెప్పకపోతే మోసం కింద అందరికీ సంకెళ్లే."

ఆదివారం చర్చి కిటికీ బయట నిలబడ్డాను. చివరి వరసలో పోలీసులు, మోకాళ్ల మీద తుపాకులు. ఉపదేశి ప్రార్థన ముగించారు, వెట్టి మాటే ఎత్తలేదు. బయటికొచ్చి, చర్చి పొలంలో శిలువ పీకి, వాకిట కాచుకున్న అధికారి ముందు పెట్టారు.

"మావోళ్లు తెలీక పాతినారు బాబూ. తప్పు నాది. ఇకనించి మా పొలానికీ పన్నెయ్యండి. నా నోరు మాత్రం దేవుడిది, అమ్మలేను."

ఎవరి శిలువ వాళ్లు పీకేసుకున్నారు. పోలీసులు ఆయన ఒక్కణ్ణే తీసుకుపోయారు. వానలు పడ్డాక తిరిగొచ్చారు. కుడిచెయ్యి పైకి లేచేది కాదు. ఎడమచేత్తోనే ఆ పొలం తవ్వి, పన్ను కట్టి, మిగిలిన చోళ్లతో అంబలి కాచారు. ఒక్క మాట అనేస్తే ఏం పోయేదని నాకు ఆయన మీద కోపంగా ఉండేది. ఇప్పుడు ఆ కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

నిన్న సమాధి దగ్గరికి వెళ్లాను. ఆ ముసలమ్మ, ఆనాడు పీకి చూరులో దాచుకున్న తన వెదురు శిలువ తెచ్చి పచ్చి మట్టిలో గుచ్చింది. పొగకు అది నల్లబడిపోయింది.

"ఈ నేలకి పన్నడగరు గదా, సావుకారూ?"

అడగరని చెప్పాను. అయినా ఆమె శిలువ మీంచి చెయ్యి తీయలేదు. పన్నువాళ్లు వచ్చే సంత దారి వైపే చూస్తూ అలాగే కూర్చుంది.