బాటిల్ బరువు తెలిసిన చేయి

మా స్కూలు ఆయమ్మ పోయింది. సోమవారం మూడో పీరియడ్‌లో బోర్డు మీద భిన్నాల లెక్క వేస్తుంటే వాచ్‌మన్ తలుపు దగ్గర నిలబడి ఆ మాట చెప్పాడు. ఆదివారం మధ్యాహ్నం కోడలితో కలిసి చేపల పులుసు వండిందట. మనవడికి ముళ్ళు తీసి తినిపించి, తనూ తిని నడుం వాల్చిందట. సాయంత్రం టీకి లేపితే లేవలేదు. బోర్డు మీద లెక్క సగంలోనే ఉండిపోయింది. నా మొహం చూసి ముందు బెంచీలో పిల్ల లేచొచ్చి తన నీళ్ళ బాటిల్ నా చేతిలో పెట్టింది. ఆ అలవాటు మా స్కూలుకి ఎవరివల్ల వచ్చిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

కంచరపాలెంలో రైల్వే లైనుకి ఆనుకుని ఉన్న చిన్న ప్రైవేటు స్కూలు మాది. నేను లెక్కలు చెప్తాను. ఆయమ్మది సముద్రం ఒడ్డున జాలారిపేట. మొగుడు ఈనాటికీ చేపల వేటకి వెళ్తాడు. ఆవిడ ఏళ్ళ తరబడి నెత్తిన గంపతో వీధివీధీ తిరిగి చేపలమ్మి, మోకాళ్ళు మొరాయించాక మా దగ్గర చేరింది. చదువు రాదు. పమిట చెంగుకి ఎప్పుడూ అరడజను పిన్నీసులు గుచ్చి ఉండేవి. బ్యాగు పట్టీ తెగినా, గౌను హుక్కు ఊడినా ఆ పిన్నీసుతోనే పిల్లలు ఇల్లు చేరేవాళ్ళు.

సాయంత్రం బెల్లు కొట్టగానే గేటు పక్కన నీలం ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కూర్చునేది. బయటికి వెళ్ళే ప్రతి పిల్ల బాటిల్నీ అడుగున చెయ్యి పెట్టి ఒక్కసారి ఎత్తి వదిలేది. అంతే, తిట్టేది కాదు, అడిగేది కాదు. దాంతో వరస కదిలేది కాదు, బయట ఆటోవాళ్ళు హారన్లు మోగించేవాళ్ళు. గేటు డ్యూటీ నాదైన రోజు నాకు ఒళ్ళు మండిపోయేది. "ఆయమ్మా, నువ్వేమైనా నీళ్ళ డిపార్టుమెంటా?" అని ఒకసారి అందరి ముందూ అనేశాను. ఆవిడ నవ్వేసి, "మీరు లెక్కలు సూసుకోండి టీచరమ్మా, నాను బాటిళ్ళు సూసుకుంటాను" అంది. పిల్లలంతా పగలబడి నవ్వారు. నాకు మరింత మండింది.

ఇప్పుడు నా ఘనకార్యం చెప్పాలి. నాలుగేళ్ళ కిందటి మాట. పీరియడ్ మధ్యలో బాత్రూముకి పంపడం నాకు గిట్టేది కాదు. ఆరో తరగతిలో ఒక పిల్ల రోజూ అడిగేది, నేను రోజూ విసుక్కునేదాన్ని. వాళ్ళ నాన్న పోర్టులో కళాసీ, సరుకు ఎత్తే పని. ఉన్నట్టుండి ఆ పిల్ల అడగడం మానేసింది. పది రోజులు చూశాను, ఒక్కసారి కూడా లేవలేదు. నా మందలింపు పనిచేసిందని పొంగిపోయాను. క్లాసు ముందు నిలబెట్టి, "క్రమశిక్షణంటే ఇదీ" అని చొక్కాకి మెరిసే స్టార్ అంటించాను. పిల్ల తల దించుకుంది. వినయం కాబోలనుకున్నాను.

మర్నాడు లంచ్ టైములో ఆయమ్మ స్టాఫ్ రూము గుమ్మంలోకి వచ్చింది.

"టీచరమ్మా, ఆ స్టారు పీకీయండి."

"ఏం, నీకేమొచ్చింది?"

"ఆ పిల్ల నీళ్ళు తాగడం నేదు. పది దినాలై నిండు బాటిలే ఇంటికి ఎల్తంది, ఇంత ఎండలో! నిన్న మాత్తరం ఖాళీగుంది. ఇదేటబ్బా అని సూత్తే మందారం మొక్క కింద తడి. మొక్క తాగింది గానీ పిల్ల తాగనేదు."

"తాగకపోతే నన్నేం చెయ్యమంటావు?"

"తాగితే బాత్రూముకి ఎల్లాల కదమ్మా. ఎల్లడానికి ఆ పిల్లకి బయ్యం. నాను గంప బరువుగా ఇంటికి తెచ్చిన నాడు బజార్లో ఏదో గొడవైందని మా అత్త అడక్కుండానే కనిపెట్టీసీది. నాకు ఈ బాటిలూ అలగే."

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. వెంటనే పిల్లని పిలిచి అడిగేద్దామని లేచాను. ఆయమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "అడక్కండి. పక్కన కూకోండి, సాలు." తర్వాతి నాలుగేళ్ళలో ఈ మాట ఆవిడ నోట ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను.

పిల్లకి గ్లాసుడు నీళ్ళిచ్చింది. చెయ్యి పట్టుకుని బాత్రూముల వరండాకి తీసుకెళ్ళి, నీలం స్టూలు తలుపుకి ఎదురుగా వేసుకుని కూర్చుంది. "నువ్వెల్లు తల్లీ. నువ్వు బైటికొచ్చేదాకా నాను ఈడే కూకుంటాను. ఎవుళ్ళొచ్చినా లెగను." నేను వరండా మలుపులో నిలబడ్డాను. పిల్ల బయటికొచ్చి చేతులు కడుక్కుని, చాలాసేపు కుళాయి దగ్గరే నిలబడింది. ఆయమ్మ పిన్నీసులు సర్దుకుంటూ కూర్చుంది. చివరికి పిల్లే వచ్చి ఆవిడ భుజం మీద తల పెట్టి చెప్పుకుంది.

ముగ్గురు పదో తరగతి అమ్మాయిలు. ఇంటర్వెల్లో పిల్ల లోపలికి వెళ్ళగానే బయట గడియ పెట్టేవాళ్ళు. తలుపు పైనుంచి ఫోను చూపించి, ఫోటో తీశామని, నోరు విప్పితే అందరికీ పంపిస్తామని బెదిరించేవాళ్ళు. నాన్నకి తెలిస్తే తలెత్తుకోలేడని ఈ పిల్ల భయం. వాళ్ళు లేని పీరియడ్ టైములో వెళ్దామంటే నేను విసుక్కునేదాన్ని, అందుకని పది రోజులు స్కూల్లో నాలుక తడుపుకోలేదు. దానికి నేను స్టార్ ఇచ్చాను. రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

నేనూ ఆయమ్మా వెళ్ళి చెప్తే ప్రిన్సిపల్ మేడం అంతా విని, తలుపు వేయించింది. పబ్లిక్ పరీక్షలు దగ్గర పడ్డాయి, ఆ ముగ్గురూ ర్యాంకు వచ్చే పిల్లలు, బయటికి పొక్కితే స్కూలు పరువేం కావాలి, మనలో మనం సర్దుకుందాం అంది. ఆయమ్మ వైపు తిరిగి, "రేపట్నించి నువ్వు రానక్కర్లేదేమో చూసుకో" అని కూడా అంది. ఆవిడ జీతంతోనే ఆ ఇంట్లో నెల గడిచేది. వేట ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

"తీసేత్తే తీసీయండి మేడంగారూ," అంది ఆయమ్మ, గొంతు పెంచకుండా. "నా గంప ఇంకా అటక మీదే ఉంది. మోకాళ్ళు నొప్పెడితే పూర్ణా మార్కెట్లో ఓ మూల కూకుని అమ్ముకుంటాను. కానీ రేపు ఇంటర్వెల్లో ఆ గుంట ఒక్కర్తీ ఎల్లదు. గేటు బైట నిలబడైనా సూసుకుంటాను. పరువంటారేటి? ఆ పిల్ల దాహం కంటే పెద్దదేటి మన పరువు?"

ఆ గదిలో చదువుకున్నవాళ్ళం ఇద్దరం ఉన్నాం. నాకే ముందు బుద్ధి వచ్చింది. కాగితం తీసుకుని జరిగిందంతా రాశాను, నా స్టార్ సంగతితో సహా. "ఇవాళే నలుగురి ఇళ్ళకీ కబురు పంపుదాం మేడం. మీరు పంపకపోతే పిల్లల హెల్ప్‌లైన్‌కి నేనే ఫోన్ చేస్తాను. ఆయమ్మని తీసేస్తే నన్నూ తీసెయ్యండి" అన్నాను. మేడం ఆ కాగితం రెండుసార్లు చదివింది. మూడోసారి చదువుతున్నప్పుడు కళ్ళజోడు తీసేసి, "వాళ్ళ ఫోన్ నంబర్లు తీయండి" అంది.

ఆ సాయంత్రమే అందరి తల్లిదండ్రుల ఎదుటా ఫోను తెరిచారు. అందులో ఫోటో ఏదీ లేదు. తీసిందీ లేదు, అంతా ఉత్త బెదిరింపే. మేం గెలిచాం! కళాసీ పని చేసే ఆ నాన్న తలేమీ దించుకోలేదు. కూతుర్ని అమాంతం ఎత్తుకుని, "నాకు సెప్పకపోతే ఇంకెవురికి సెప్తావమ్మా" అన్నాడు. పిల్ల ఆఫీసు గదిలోనే రెండు గ్లాసుల నీళ్ళు గటగటా తాగేసింది. శనివారం వెల్డింగ్ అతను వచ్చి బయటి గడియలన్నీ కోసేశాడు. పెద్దపిల్లలు ముగ్గురికీ కొన్నాళ్ళు ఇంటర్వెల్ లేదు, కౌన్సెలింగ్ ఉంది. విచిత్రమేమిటంటే ఆయమ్మ వాళ్ళ బాటిళ్ళు కూడా రోజూ ఎత్తి చూసేది. అదేమిటంటే, "ఆళ్ళు మటుకు పిల్లలు కాదేటి?" అనేది.

అప్పట్నించి మా స్కూల్లో రెండో పీరియడ్ అయ్యాక నీళ్ళ బెల్లు కొడతారు. టీచర్లతో సహా అందరం తాగాల్సిందే. బాత్రూముకి ఎవరూ పర్మిషన్ అడగక్కర్లేదు. గేటు దగ్గర మేమంతా వంతులవారీగా బాటిళ్ళు ఎత్తుతాం. బరువుగా ఉంటే తిట్టం, వెళ్ళి పక్కన కూర్చుంటాం. చాలాసార్లు ఏమీ ఉండదు. జలుబో, ఇంట్లోంచి తెచ్చిన మజ్జిగ తాగేశామనో చెప్తారు. కానీ ఈ నాలుగేళ్ళలో ఇంకో ఇద్దరు పిల్లలు మాకు అలాగే దొరికారు. ఇద్దరూ ఇప్పుడు చక్కగా నవ్వుతున్నారు. నేను ఆయమ్మని 'మీరు' అనడం మొదలుపెడితే, "మీరు ఏటమ్మా, నానేటి ఇన్‌స్పెక్టర్నా?" అని మురిసిపోయింది.

సోమవారం సాయంత్రం జాలారిపేట వెళ్ళి చూసొచ్చాం. మంగళవారం వాచ్‌మన్ ఎప్పట్లాగే నీలం స్టూలు గేటు పక్కన వేశాడు. ఎవరూ కూర్చోలేదు. నేను పక్కన నిలబడి బాటిల్ కోసం చెయ్యి చాపాను. వరసలో మొదట ఉన్నది ఆ పిల్లే. ఇప్పుడు పదో తరగతి, ఇంటర్వెల్లో చిన్నపిల్లల వెంట బాత్రూముల దాకా తోడు వెళ్ళే జట్టుకి లీడరు. బాటిల్ నా చేతికి ఇవ్వలేదు. మూత తీసి, స్టూలు ముందు తలకిందులుగా పట్టుకుంది. రెండు చుక్కలు పడ్డాయి. వెనకవాళ్ళకి ఎవరూ చెప్పలేదు, ఒక్కొక్కరే వచ్చి అలాగే తిప్పి చూపించారు. స్టూలు ముందు సిమెంటు తడిసింది. వరస నెమ్మదిగా కదిలింది, అయినా ఆ రోజు ఒక్క ఆటో కూడా హారన్ కొట్టలేదు. ఆఖర్న ఒకటో తరగతి బుడ్డది వచ్చింది. బాటిల్లో పావు వంతు నీళ్ళున్నాయి. స్టూలు వైపు ఒకసారి చూసి, "ఉండు ఆయమ్మా" అని, అక్కడే నిలబడి గుటగుటా తాగేసింది. తర్వాత రెండు చేతులతో బాటిల్ పైకెత్తి, అందరికీ కనిపించేలా తలకిందులు చేసింది. ఒక్క చుక్క కూడా పడలేదు.