తోడు లేనిదే కదలని కొండలన్న

పిడుగురాళ్ల సున్నం బట్టీల మేస్త్రి కొండలన్న ఒంటరిగా ఏ పనీ చెయ్యడు. బీడీ కట్ట కొనాలన్నా తోడు కావాలి. తెగిన చెప్పు కుట్టించాలన్నా, పోస్టాఫీసులో కార్డుముక్క కొనాలన్నా తోడు కావాలి. మండుతున్న బట్టీ పైకెక్కి రాయి సర్దించే మనిషి. లారీ కింద దూరిన తాచుపామును తోక పట్టుకుని అవతల పారేసిన మనిషి. ఆ మనిషి క్షవరానికి మాత్రం ఒక్కడే పోలేడు.

"ఒక్కణ్ణే పోవాలంటే కాళ్లాడవు సారూ" అనేవాడు, కోరమీసం దువ్వుకుంటూ.

నా పేరు ప్రభాకరరావు. ఆ ఊళ్లో లైబ్రేరియన్ని. కొండలన్న ఇంటి పక్క వాటాలో అద్దెకుండేవాణ్ణి. మా ఆవిడ కాంతమ్మ చనిపోయిన ఏడాదే నాకు అక్కడికి బదిలీ అయింది. పిల్లల్లేరు. లైబ్రరీలో మాట్లాడకూడదని బోర్డు ఉండేది. ఇంట్లో బోర్డు లేదు గానీ మాట్లాడటానికి మనిషీ లేదు. పొద్దున వండింది రాత్రికీ తినేవాణ్ణి. ఆదివారం చర్చిలో పాట అందుకుంటే తప్ప నా గొంతు నాకే వినపడేది కాదు. ఇక బతుకంటే ఇంతేలే అని నేను సర్దుకుపోయాను. నా సర్దుబాటు కొండలన్నకి నచ్చినట్టు లేదు.

సాయంత్రం కాగానే తలుపు కొట్టేవాడు.

"సారూ, షౌకత్ షాపుకి పోవాలి. తోడు రండి."

"నిన్ననేగా గడ్డం గీయించుకున్నావు?"

"మీసం ఒక పక్క పెరిగింది."

"అదేమన్నా పైరా, పూటపూటకీ పోయి చూసుకోవడానికి? నేను రాను."

"మీరు రాకపోతే నేనూ పోను. ఇట్టానే నిలబడతా."

అని నిజంగానే నిలబడేవాడు. ఆరడుగుల మనిషి గుమ్మంలో నిలబడితే మా వాటాలోకి ఇంక వెలుతురు రాదు. చీకట్లో ఎంతసేపని కూర్చోను? చొక్కా తగిలించుకుని బయల్దేరేవాణ్ణి.

మంగలి షౌకత్ నన్ను చూడగానే బల్ల తుడిచేవాడు. "కూర్చోండి సార్. ఆయనకి గడ్డం, మీకు విసుగు. రెండూ ఒకేసారి అయిపోతాయి."

మొహం నిండా నురగ పట్టించుకుని, కళ్లు మూసుకుని, కొండలన్న ఉండుండి అడిగేవాడు.

"సారూ, ఉన్నారా?"

"ఉన్నా."

కాసేపాగి మళ్లీ, "ఉన్నారా?"

"ఉన్నానయ్యా. ఇంకెక్కడికి పోతాను?"

పోలేరమ్మ గుడికీ నేనే తోడు. నేను క్రైస్తవుణ్ణి గదయ్యా అంటే, "అమ్మవారికి మీరు మొక్కబాకండి సారూ. నా చెప్పులకి కాపలా ఉండండి, చాలు" అన్నాడు. ఆ రుణం ఉంచుకోవడం ఇష్టంలేక ఆదివారం నా వెంట చర్చికి వచ్చి, బయట నా చెప్పుల పక్కన కూర్చునేవాడు. పాస్టరుగారు లోపలికి రమ్మని పిలిస్తే, "నా డ్యూటీ ఇక్కడండి" అన్నాడట.

నేను దొరక్కపోతే రాళ్ల క్వారీ కాపలాదారు ముసలి ఎల్లయ్యని లాక్కుపోయేవాడు. ఆయనా దొరక్కపోతే ఖైరున్నీసా బీబీ గుమ్మం ముందు తేలేవాడు. ఆవిడ గంపలో గాజులు పెట్టుకుని వీధివీధీ తిరిగి అమ్మేది. "అక్కా, మా కోడలికి గాజులు కొనాలి, అంగడి దాకా తోడు రా" అనేవాడు. గాజులమ్మే ఆవిణ్ణి తోడు తీసుకుని ఇంకొకళ్ల కొట్లో గాజులు కొనడానికి పోయే మనిషిని ఏమనాలో నాకు తెలియలేదు. ఖైరున్నీసా బీబీ ఏమీ అనుకునేది కాదు. పైగా అవతలి కొట్టువాడి గాజులకి దారంతా వంకలు పెడుతూ హుషారుగా తిరిగొచ్చేది.

కొండలన్న భార్య బసవమ్మ దగ్గర ఈ మాటెత్తితే చాలు, చేట కింద పెట్టేసేది. "మా పెళ్లిలో తోడు పెళ్లికొడుకుగా కూర్చున్న పిల్లోణ్ణి వారం దాకా ఇంటికి పోనీలా, సారూ. నన్ను మాత్రం సంత దాకా రమ్మని ఒక్కనాడు పిలవలా. చెట్టంత కొడుకులున్నారు, వాళ్లనీ పిలవడు. ఏందో, ఈయనకి ఇంట్లోవాళ్లు పనికిరారు."

ఇలా ఉండగా ఒక చలికాలం మధ్యాహ్నం లైబ్రరీలో ఉన్నట్టుండి నా కడుపులో పోటు మొదలైంది. బల్ల మీద వాలిపోయాను. ఎవరు చెప్పారో, కొండలన్న సున్నం లారీ తెచ్చి గుమ్మంలో ఆపాడు. బస్తాల మధ్య నన్ను ఒళ్లో పడుకోబెట్టుకుని నరసరావుపేట తీసుకుపోయాడు. లారీ గుంటలో పడినప్పుడల్లా నేను అరిచాను, నేను అరిచినప్పుడల్లా ఆయన డ్రైవర్ని తిట్టాడు. నర్సింగ్‌హోములో దిగేసరికి ఇద్దరం తలనుంచి కాలిదాకా తెల్లగా ఉన్నాం. డాక్టరు మమ్మల్ని మార్చి మార్చి చూసి, "మీలో పేషెంటెవరయ్యా?" అన్నాడు.

"ఈయనండి. నేను తోడు" అన్నాడు కొండలన్న.

అపెండిక్స్ పగిలేదాకా వచ్చిందని ఆ సాయంత్రమే ఆపరేషన్ చేశారు.

పొట్ట కోసినవాణ్ణి డాక్టర్లు పొద్దస్తమానం అడిగే ప్రశ్న ఒకటుంది, గాలి పోయిందా అని. అది పోతేగానీ గుక్కెడు నీళ్లివ్వరు. డాక్టరు చెవి దగ్గరికి వంగి అడిగేవాడు. కొండలన్న పగలు బట్టీ పని చూసుకుని సాయంత్రం బస్సులో వచ్చి, వార్డు గుమ్మంలోంచే అడిగేవాడు.

"సారూ, గాలి పోయిందా?"

నేను దుప్పటి మొహం మీదికి లాక్కునేవాణ్ణి. అటు మంచం మీద పెద్దాయన, "ఇంకా లేదంటయ్యా" అని నా బదులు జవాబు చెప్పేవాడు. తీరా అది పోయిన రోజున కొండలన్న కొట్టుకి పోయి, మనవడు పుట్టినట్టు వార్డంతా పంచదార పంచాడు.

గాలైతే పోయింది గానీ నేను మంచం దిగలేదు. నడవాలి, పడుకునే ఉంటే ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుందని డాక్టరు పోరుపెట్టాడు. రేపు లేస్తానండి అని గోడవైపు తిరిగేవాణ్ణి. సాయంత్రమయ్యేసరికి ప్రతి మంచం దగ్గరా క్యారియర్ గిన్నెల చప్పుడు, ఇంకో ముద్ద తినమని బతిమాలడం. నా మంచం పక్కన సెలైన్ స్టాండు నిలబడి ఉండేది. నిజం చెప్పాలంటే నాకు లేవాలని లేదు. లేచి ఎక్కడికి పోవాలి? కుట్లు మానితే మళ్లీ ఆ వాటా, ఆ చల్లారిన అన్నం. కాంతమ్మ ఉంటే తిట్టి లేపేది. తిట్టే మనిషి లేకపోయాక బాగుపడటం ఎవరికోసమా అనిపించింది.

జ్వరం మొదలైంది. డాక్టరు కొండలన్నని వరండాలోకి పిలిచి మాట్లాడుతుంటే నాకు వినపడింది. "ఈయన ఇలాగే పడుకుని ఉంటే, నేను ఆపరేషన్ చేసి లాభం లేదయ్యా. మనిషి దక్కడు."

కొండలన్న లోపలికొచ్చి నా మంచం పక్కన నిలబడ్డాడు.

"సారూ, నేను బాత్‌రూముకి పోవాలి. తోడు రండి."

నాకు ఒళ్లు మండింది. "కొండలన్నా, నా పొట్ట కోశారు."

"పొట్టేగా కోసింది. కాళ్లు కాదుగా."

"వార్డులో ఇంతమంది ఉన్నారు. ఎవరినన్నా అడుగు."

"వాళ్లంతా తిండికాడ ఉన్నారు. మీరే ఖాళీ."

"నేను రాను."

"రాకపోతే నేనూ పోను. ఇట్టానే నిలబడతా." కాసేపు నిలబడి, మొహం చిట్లించి, "ఇక్కడే కానిమ్మంటారా?" అన్నాడు.

అవతలినుంచి నర్సు పరుగెత్తుకొచ్చి నాకు చేతులు జోడించింది. "సార్, దయచేసి వెళ్లండి. ఇప్పుడే వార్డు కడిగించాను."

లేచాను. కళ్లు తిరిగాయి. ఆయన నన్ను పట్టుకోలేదు. నా చెయ్యి తీసి తన భుజం మీద వేసుకుని, "నన్ను వదలబాకండి సారూ, ఇక్కడ బండలు చానా నున్నగా ఉన్నయ్" అన్నాడు. ఆ ఏనుగులాంటి మనిషి పడిపోకుండా కాసుకుంటూ వరండా చివరిదాకా నడిచాను. తలుపు వెనకనుంచి, "సారూ, ఉన్నారా?" అని కేక. "ఉన్నా, త్వరగా కానియ్" అన్నాను గోడ పట్టుకుని.

ఆ రోజునుంచి కొండలన్న ఊరికి పోవడం మానేశాడు. పగలంతా ఆయనకి బాత్‌రూమే. చూసి చూసి నర్సు, "మీ వెంట ఉన్నాయనకి షుగరుందేమో, ఒకసారి పరీక్ష చేయించండి" అని నాతో రహస్యంగా చెప్పింది. నా జ్వరం తగ్గింది. ఆయన బాత్‌రూము తగ్గలేదు.

కుట్లు తీసేదాకా ఊళ్లోనే ఉండమని నన్ను పక్కనే ఉన్న లాడ్జికి పంపారు. ఆ రోజుల్లో నరసరావుపేటలో ఎగ్జిబిషన్ పెట్టారు. లాడ్జి కిటికీలోంచి జైంట్‌వీల్ దీపాలు కనపడేవి. కొండలన్న కిటికీ ఊచలు పట్టుకుని చిన్నపిల్లాడిలా చూశాడు.

"చిన్నప్పట్నుంచి అదెక్కాలని ఆశ సారూ. ఒక్కణ్ణే ఎక్కలేను. తోడు రండి."

"కుట్లూడితే ఎవరు కుడతారు, నువ్వా?"

"మీరు ఎక్కబాకండి. కింద నిలబడి చూస్తా ఉండండి. నావోళ్లు ఒకరు కింద ఉన్నారంటే నాకు చాలు."

డాక్టర్ని అడిగాం. మెల్లగా నడవొచ్చు, ఏదీ ఎక్కకూడదు, గట్టిగా నవ్వకూడదు అన్నాడు. నవ్వి చాలాకాలమైంది, ఆ భయం లేదండి అన్నాను.

అది తప్పని తేలింది. వంకర అద్దాల డేరాలో కొండలన్న ఒక అద్దం ముందు నిలబడితే మనిషి మూరెడు, మీసం బారెడు కనపడింది. ఆయన గతుక్కుమని వెనక్కి తిరిగి, "సారూ, ఆ పొట్టోడెవడు, నా మీసం పెట్టుకుని?" అన్నాడు. నేను పొట్ట పట్టుకుని కింద కూర్చుండిపోయాను. కుట్లు లాగేస్తున్నాయి, నవ్వు ఆగదు. కళ్లనీళ్లు తుడుచుకుంటూ, ఇంక మాట్లాడబాకు అని చేతులెత్తి దణ్ణం పెట్టాను. పళ్లెమంత ఢిల్లీ అప్పడం కొనిచ్చి నా నోరు మూయించాడు.

జైంట్‌వీల్ పక్కన ఒక ఇనప కుర్చీ, దాని మీద దిండు ఉన్నాయి. "ఎవరిదో పాపం. కూర్చోండి సారూ" అని నన్ను కూర్చోబెట్టి, చెప్పులు నా కాళ్ల దగ్గర వదిలి ఆయన తొట్టెలోకి ఎక్కాడు. చక్రం తిరిగింది. పైకి పోగానే కేక.

"సారూ, ఉన్నారా?"

"ఉన్నా."

కిందికొచ్చి మళ్లీ పైకి పోయి, "ఉన్నారా?"

పక్కన నిలబడ్డ జనం కూడా నాతోపాటు "ఉన్నారు" అని జవాబివ్వడం మొదలుపెట్టారు. టిక్కెట్లు చింపే అబ్దుల్ జబ్బార్ అనే ఆయన నా దగ్గరికొచ్చాడు.

"కుట్ల సారంటే మీరేనా?"

"నీకెట్లా తెలుసు?"

"మధ్యాహ్నం వచ్చి చెప్పాడుగా ఆయన. ఎండలో, ఇక్కడ నరపురుగు లేదప్పుడు. చెంబు నిండా నీళ్లు ఒళ్లో పెట్టుకుని ఎక్కాడు సార్. దిగేసరికి లుంగీ అంతా తడి. 'ఇంత కుదుపా, మా సారుని ఎక్కనీయకూడదు. కిందే కూర్చుంటాడు, కుర్చీ వేసిపెట్టు' అన్నాడు. ఆ దిండు కూడా ఆయన తెచ్చిందే."

నేను దిండు వంక చూశాను. మా లాడ్జి దిండే.

"వెంట ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదు."

"ఒక్కడే వచ్చాడా? ఒక్కడే ఎక్కాడా?"

"ఒక్కడే సార్. ఏం, ఎందుకట్లా అడుగుతారు?"

నాకు ఎల్లయ్య గుర్తొచ్చాడు. కోడళ్లు పొమ్మంటే క్వారీ గుడిసెలో ఉంటున్న ముసలాయన. ఖైరున్నీసా బీబీ గుర్తొచ్చింది, భర్త పోయాక గాజుల గంప తప్ప ఆవిడకి ఎవరూ లేరు. బసవమ్మని, కొడుకుల్ని ఎందుకు పిలవడో అర్థమైంది. వాళ్లకి ఒకరికొకరున్నారు. పాపం ఒంటరిగా ఉన్నావు, నీకు తోడొస్తానంటే మాలో ఒక్కళ్లం కూడా తలుపు తీసేవాళ్లం కాదు. అందుకని అంత మనిషి తనే పిరికివాడయ్యాడు. నాకు ఏడుపొచ్చింది.

"సారూ, ఉన్నారా?" అని పైనుంచి కేక.

దిండు పొట్టకి అదుముకుని లేచి నిలబడ్డాను. "ఉన్నా కొండలన్నా, ఉన్నా" అని అరిచాను. కుట్లు చురుక్కుమన్నాయి.

ఆయన దిగాక నేనేమీ అడగలేదు. అడిగితే ఇంక ఎవరినీ పిలవలేడని భయపడ్డాను. తిరిగి పోయేటప్పుడు దిండు చంకలో పెట్టుకుని, "ఎవరో వదిలేశారు, మనకి పనికొస్తది" అన్నాడు. పనికొస్తుందిలే అన్నాను.

కుట్లు తీయించుకుని పిడుగురాళ్ల చేరాను. వారం గడిచింది. కొండలన్న నా తలుపు కొట్టలేదు. కొత్తగా వచ్చిన కాంపౌండరు ఒకాయన మా వీధి చివర దిగాడు, పెళ్ళాంబిడ్డల్లేకుండా. కొండలన్న ఆయన్ని వెంటేసుకుని షౌకత్ షాపుకి పోతుంటే కిటికీలోంచి చూశాను. నాకు ఒళ్లు మండింది. రెండో రోజు కావాలని దిగాలు మొహం పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాను. ఆయన నన్ను తేరిపారజూసి, "చానా తేరుకున్నారు సారూ" అని సాగిపోయాడు.

బసవమ్మకి మొరపెట్టుకున్నాను. "ఈమధ్య నన్ను పిలవట్లేదమ్మా."

ఆవిడ చేట ఆపలేదు. "మీరూ ఇంట్లోవాళ్ల లెక్కలోకి వచ్చారన్నమాట. రండి, ఆ మూల కూర్చుని పప్పు ఏరండి."

పప్పు ఏరుతూ కూర్చున్నాను. కొండలన్న వచ్చాడు. నేను లేచి గుమ్మంలో నిలబడ్డాను.

"కొండలన్నా, నేను క్షవరానికి పోవాలి. తోడు రా."

"ఏంది సారూ, అంత చదువుకున్నారు, ఒక్కరే పోలేరా?"

"పోలేను. నువ్వు రాకపోతే ఇట్లానే నిలబడతా."

నేను నిలబడితే వెలుతురేమీ ఆగదు గానీ, ఆయన నన్ను ఎగాదిగా చూసి మళ్లీ చెప్పుల్లో కాళ్లు పెట్టాడు.

షౌకత్ బల్ల తుడిచి, "కూర్చో కొండలన్నా. సారుకి గడ్డం, నీకు విసుగు" అన్నాడు. నా మొహానికి నురగ పట్టించాడు. నేను కళ్లు మూసుకున్నాను.

"కొండలన్నా, ఉన్నావా?"

"ఉన్నా సారూ" అన్నాడు బల్ల మీదనుంచి, విసుగ్గా. "ఇంకెక్కడికి పోతా?"