నిన్నటి బిందె నీళ్లు

సకల జనుల సమ్మె గురించి ఎవరైనా అడిగితే అందరూ పాటల గురించి, రోడ్ల మీద చేసిన వంటా వార్పుల గురించి చెబుతారు. నాకు ముందు గుర్తొచ్చేది అలసట. ఆ తర్వాత ఒక పాత ల్యాప్‌టాప్ తెర, దాని మీద తాడు తెంపుకున్న లేగదూడలా గంతులేసే చిన్న తెల్లబాణం. ఉద్యమం రోజుల్లో నువ్వేం చేశావని అడిగితే, బాణం వెంట పరుగెత్తానని చెప్పాల్సి వస్తుంది. చెప్పుకుంటే సిగ్గుచేటు గాని, నిజం అదే.

జనగామ నుంచి బండి మీద ముప్పావుగంట దూరంలో ఒక మండల ఆఫీసులో నేను కంప్యూటర్ ఆపరేటర్‌ని. అదీ కాంట్రాక్టు మీద. ఆఫీసంతా సమ్మెలోకి వెళ్లిన రోజు నేనూ బయటికి నడిచాను. సాయంత్రానికి మమ్మల్ని పెట్టిన ఏజెన్సీ మనిషి ఫోన్ చేసి, రేపు సీట్లో లేకపోతే ఎల్లుండి ఆ సీట్లో ఇంకొకరు ఉంటారని చెప్పాడు. ఆ ఉద్యోగం కోసం నేను మూడేళ్లు తిరిగాను. మరుసటి రోజు పొద్దున్నే వెళ్లి తాళం తీశాను.

ఆఫీసు ఎదురుగా, రోడ్డుకు అవతల, సమ్మె టెంటు. పెద్ద సారు నుంచి అటెండర్ దాకా అందరూ అక్కడే. రోజూ వాళ్ల ముందు నుంచే బండి తోసుకుంటూ గేటు దాటాలి. మొదటి రెండు రోజులు ఎవరో ఒకరు ఏదో ఒకటి అన్నారు. తర్వాత అనడం కూడా మానేశారు. అనకపోవడమే ఎక్కువ బాధ. నేను తల దించుకొని పోవడం అలవాటు చేసుకున్నాను. మెడ నొప్పి కూడా ఆ రోజుల్లోనే మొదలైంది, ఇప్పటికీ వదల్లేదు.

అటెండర్‌ను నేను కాకా అని పిలిచేవాణ్ని. సమ్మెకు ముందు మా ఇద్దరికే పొద్దున తొమ్మిదికి ఆఫీసుకు వచ్చే అలవాటు. నేను టీ తెచ్చేసరికి ఆయన ఊడ్చి, బల్లలు తుడిచి, తాగే నీళ్ల బిందె ఎత్తుకొని ఆఫీసు వెనక్కి వెళ్లేవాడు. బిందెలో మిగిలిన నిన్నటి నీళ్లను వెనక గోడ పక్కన సజ్జ కింద ఉన్న ఒక చిన్న గుంతలో పోసేవాడు. పక్కనే పూలమొక్కలు ఎండిపోతున్నా వాటికి పోసేవాడు కాదు. ఎందుకని ఒకసారి అడిగితే, దానికి దూపయితది అన్నాడు. గుంతకు దాహమేమిటి, ముసలాయన చాదస్తమని నవ్వుకొని ఊరుకున్నాను. సమ్మెలోకి పోతూ ఆ బిందెను, బకెట్టును కూడా టెంటులోకి పట్టుకుపోయారు. పెద్ద కంప్యూటర్లున్న గదికి తాళం వేసి తాళంచెవి కూడా తీసుకుపోయారు. నాకు మిగిలింది ఈ ల్యాప్‌టాప్, ఒక నెట్ కార్డు, ఒక కుర్చీ.

సమ్మె మొదలైన రెండు మూడు వారాలకు ల్యాప్‌టాప్‌కు పిచ్చి పట్టింది. టచ్‌ప్యాడ్ మీద వేలు ఒకవైపు జరిపితే బాణం ఇంకోవైపు పోయేది. వేలు పెట్టకపోయినా ఉలిక్కిపడినట్టు ఎగిరేది, నేను అడగని చోట నొక్కేది. మొదట చెమట అనుకున్నాను. చేతులు కడిగి, తుడిచి, ప్యాడ్‌ను దూదితో శుభ్రం చేశాను. వైరస్ అనుకొని ఒక రోజంతా స్కాన్ పెట్టి ముందు కూర్చున్నాను. తెలిసినాయన దగ్గర మౌస్ అడుక్కొచ్చి పెట్టాను. మౌస్ పని మౌస్‌ది, ప్యాడ్ పని ప్యాడ్‌ది. ప్యాడ్‌ను ఆపే మీట ఎప్పుడో విరిగిపోయింది. ఇద్దరు పట్వారీలున్న ఊరు లాగా ఒకే బాణాన్ని రెండూ లాగేవి.

పైగా కరెంటు. భూపాలపల్లి దగ్గర బొగ్గు బావులు కూడా సమ్మెలోనే ఉన్నాయి, బొగ్గు లేక కోతలు పెరిగాయి. మాకు పొద్దున రెండు గంటలు, మధ్యాహ్నం రెండు గంటలు ఇస్తే గొప్ప. కరెంటు పోగానే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద రెండు నిమిషాలు బతికి చచ్చిపోయేది. ఆ రెండు నిమిషాలు మాత్రం బాణం బుద్ధిగా, చెప్పినట్టు వినేది. అది నేను గమనించాను. చచ్చే ముందు అందరూ మంచివాళ్లవుతారని నవ్వుకున్నాను కూడా. అంతకు మించి ఆలోచించే ఓపిక లేదు. ల్యాప్‌టాప్ అంచు మీద చెయ్యి ఆనిస్తే సన్నగా తిమ్మిరెక్కినట్టుండేది. రోజూ అంత దూరం బండి నడపడం వల్ల అనుకున్నాను.

ఆ పరిస్థితిలో ఆ అమ్మాయి వచ్చింది. నర్మెట్ట వైపు తండా పిల్ల, తోడుగా తల్లి. తండ్రి కూలి పనికి పుణె పోయాడు. అమ్మాయికి టీచర్ ట్రైనింగ్ ఎంట్రన్స్‌లో మంచి ర్యాంకు వచ్చింది. ఏ కాలేజీ కావాలో నెట్‌లో వరుస పెట్టాలి. జనగామలో నెట్ సెంటర్లు బంద్, బస్సులు బంద్. మా ఆఫీసు తెరిచి ఉంటుందని ఎవరో చెబితే నడిచి వచ్చారు. గడువు మరుసటి రోజు సాయంత్రం అయిదు వరకే. తనకు జనగామ కాలేజీ వస్తేనే చదువని అమ్మాయి మొదటే చెప్పింది. రోజూ ఇంటికి రాగలిగితే సరే, హాస్టల్‌లో ఉండాలంటే ఇంట్లో తమ్ముడిని, రెండు బర్లను అమ్మ ఒక్కతే చూసుకోలేదు. దూరం వస్తే మానేయడమే. ఈ మాట ఆమె ఏడుపుగా చెప్పలేదు, బస్సు టైము చెప్పినట్టు చెప్పింది.

నేను జనగామ ఎదురుగా ఉన్న గడిలో ఒకటి అంకె వేయబోయాను. బాణం గెంతింది. ఒకటి భూపాలపల్లి కాలేజీ ఎదురుగా పడింది. చెరపబోతే ఇంకా కిందికి జారింది. పది నిమిషాలు దానితో కుస్తీ పట్టాను. ఎక్కడో బాణమే సేవ్ మీట నొక్కేసింది. అప్పుడే కరెంటు పోయింది. చివరగా తెర మీద నేను చూసినప్పుడు భూపాలపల్లి మొదట ఉంది, మహబూబాబాద్ దాటి గంగారం అడవి వైపు ఉన్న కాలేజీ రెండోది, జనగామ ఎక్కడో అడుగున.

రేపు మార్చుకోవచ్చు, గడువుంది అని వాళ్లకు చెప్పి పంపించాను. నా గొంతు నాకే నమ్మకంగా వినిపించలేదు. ఆ సాయంత్రమే ల్యాప్‌టాప్ సంచిలో వేసుకొని జనగామలో రిపేరు చేసే ఆయన దగ్గరికి వెళ్లాను. సగం దించిన షట్టరు కింద నుంచి దూరాను. ఆయన ప్లగ్గు పెట్టి, ప్యాడ్ మీద వేలు తిప్పాడు. బాణం మేనమామ ఇంటికి వచ్చిన పిల్లలా ఎంత బుద్ధిగా నడిచిందో చెప్పలేను. ఆయన నన్ను, ల్యాప్‌టాప్‌ను మార్చి మార్చి చూసి, దీనికేం లేదు, నువ్వు జర నిద్రపో అన్నాడు. నాకు నిజంగానే ఏడుపొచ్చింది. నెట్ కార్డు నా సంచిలోనే ఉంది. అక్కడే దిద్దుదామన్నా అమ్మాయి పాస్‌వర్డ్ చీటీ అమ్మాయి దగ్గరే ఉంది.

మరుసటి రోజు తల్లీ కూతుళ్లు పొద్దున పదింటికే వచ్చి వరండాలో కూర్చున్నారు. పొద్దున కరెంటు రాలేదు. సద్ది విప్పుకొని తిన్నారు, నాకూ ఒక రొట్టె ఇచ్చారు. మూడు దాటాక కరెంటు వచ్చింది. నేను ప్లగ్గు పెట్టాను, తెరిచాను, అమ్మాయి చీటీ చూసి పాస్‌వర్డ్ కొట్టింది. బాణం మళ్లీ గెంతింది.

నేను చేతులు ఒళ్లో పెట్టుకొని అలాగే కూర్చుండిపోయాను. కోపం రావాలి, అది కూడా రాలేదు. నిన్న జనగామలో మంచిగా ఉన్నదానికి ఇక్కడ ఏమైంది, నా మీద పగా అనుకున్నాను. అమ్మాయి తల్లితో లంబాడీలో ఏదో అంది. తల్లి లేచి వచ్చి, తెర వెలుతురు కూతురి వైపు ఉండేలా ల్యాప్‌టాప్‌ను కొంచెం తిప్పబోయి, చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. మళ్లీ నెమ్మదిగా అంచు మీద రెండు వేళ్లు ఆనించి చూసింది.

"సారూ, గిది జుమ్ముమంటుంది. మా బాయికాడ మోటరు డబ్బ గూడ గిట్లనే అంటది, ఎర్తు గుంత ఎండితే." ఆమె కిటికీలోంచి వెనక్కి చూసింది. "మీ గుంతల నీళ్లు ఎవరు పోస్తరు?"

ఎర్తు సరిగ్గా ఉన్న జనగామ షాపులో, కరెంటు పోయిన ఆ రెండు నిమిషాల్లో బాణం ఎందుకు బుద్ధిగా ఉందో అప్పుడు అర్థమైంది. మాకూ ఊళ్లో పొలం ఉంది. ఎండాకాలంలో స్టార్టర్ డబ్బా పట్టుకుంటే జిల్లుమంటుందని, ఎర్తు తీగ పాతిన గుంత తడిగా ఉంటేనే డబ్బాలోకి దిగిన కరెంటు నేలలోకి పోతుందని, అందుకే అందులో ఉప్పు, బొగ్గు వేసి రోజూ నీళ్లు పోయాలని నాకు పదేళ్లప్పుడే తెలుసు. మా బాపు మోటరు వేసే ముందు చేసే మొదటి పని అదే. కంప్యూటర్ కూడా కరెంటు మీదనే నడుస్తుందని, అది కూడా మోటరు లాంటిదేనని నాకు తోచలేదు. చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెతికినట్టు జనగామ దాకా పోయొచ్చాను.

వెనక్కి వెళ్లి చూస్తే గుంత నెర్రెలు విచ్చి ఉంది. సజ్జ కింద ఉండటంతో మధ్యలో పడ్డ వాన కూడా అందులోకి రాలేదు. నీళ్లు కావాలి. ఆఫీసు నల్లాలో చుక్క లేదు, ట్యాంకు నింపేది కూడా కాకానే. బస్టాండు దగ్గర ఉప్పునీళ్ల బోరింగు ఉంది గాని తేవడానికి ఏమీ లేదు. బిందె, బకెట్టు రెండూ టెంటులో ఉన్నాయి. నాలుగు కావస్తోంది.

రోడ్డు దాటడానికి ఎంత సేపు పడుతుంది? నాకు చాలా సేపు పట్టింది. టెంటులో పాట ఆగింది. నేను ఎవరి ముఖమూ చూడకుండా కాకా ముందు నిలబడి, ఆ అమ్మాయి సంగతి, గుంత సంగతి చెప్పాను. ఎవరో ఒకాయన, ఆఫీసు పనికి మన నీళ్లు ఎట్ల ఇస్తమని అన్నాడు. ఆయన తప్పు కూడా లేదు. కాకా రోడ్డు అవతల వరండాలో నిలబడి ఉన్న తల్లీ కూతుళ్లను చూశాడు. లేచి, తాగే నీళ్ల బిందె భుజానికెత్తుకున్నాడు.

గేటులోంచి రాలేదు. సమ్మె అయ్యేదాకా ఆఫీసు గడప తొక్కనని అందరి ముందు మాట ఇచ్చి ఉన్నాడు. పక్క సందులోంచి చుట్టు తిరిగి వెనక గోడ అవతలికి వచ్చి నిలబడ్డాడు. గోడ నడుమెత్తు. అవతలి నుంచే బిందె నా చేతికి అందించాడు.

"మెల్లగ పొయ్యి. గుంజుకోనియ్యి."

నేను పోశాను. నీళ్లు పడ్డవి పడ్డట్టే మాయమయ్యాయి. ఆయన బోరింగుకు పోయి రెండో బిందె తెచ్చాడు, మూడోది తెచ్చాడు. అరవై దగ్గర పడుతున్న మనిషి, ఒగరుస్తున్నాడు. మూడో బిందె ఇస్తూ దాన్ని కాసేపు వదల్లేదు.

"నెల దినాల సంది మా ముందలకెల్లి తల దించుకొని పోతున్నవ్. ఒక్కనాడు వచ్చి అడిగితే చెప్పకపోదునా బిడ్డా?"

నేను బిందె తీసుకున్నాను. గుంతలో పోశాను.

లోపలికి వెళ్లేసరికి అమ్మాయి ప్యాడ్ మీద వేలు పెట్టి చూస్తోంది. బాణం ఆమె వేలు వెంటే నడుస్తోంది. నేను కుర్చీ ఆమెకే ఇచ్చాను. తనే జనగామ ఎదురుగా ఒకటి వేసుకుంది, మిగతావి వరుసగా దిద్దుకుంది, తల్లికి ఒక్కొక్కటి వేలితో చూపించి లంబాడీలో చదివి వినిపించింది. సేవ్ నొక్కే ముందు నా వైపు చూసింది. నొక్కమన్నాను. అయిదుకు ఇరవై నిమిషాలు ఉంది. వాళ్లు వెళ్తూ వెళ్తూ టెంటు దగ్గర ఆగి కాకాకు దండం పెట్టడం కిటికీలోంచి కనిపించింది. ఆ రోజు టెంటులో వాళ్లు చీకటి పడేదాకా తాగడానికి నీళ్లు లేకుండా కూర్చున్నారు. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

సమ్మె ముగిసిన మరుసటి రోజు పొద్దున తొమ్మిదింటికి కాకా వచ్చాడు. ఊడ్చాడు, బల్లలు తుడిచాడు. నేను రెండు టీలు తెచ్చాను. గా పొల్ల సీటేమాయె అని అడిగాడు. జనగామలోనే వచ్చిందని చెప్పాను. మంచిదన్నట్టు తలూపి, బిందె ఎత్తుకొని వెనక్కి నడిచాడు. నేను వెంట వెళ్లి, ఇయ్యి కాకా, నేను పోస్త అని చెయ్యి చాచాను. ఆయన ఇవ్వలేదు.

"గిది నా పని బిడ్డా, నేను జేసుకుంట. నీ పని గప్పుడుండె, మేం టెంట్ల కూసున్నప్పుడు."

కోపంగా అనలేదు, అలసటగా అన్నాడు. తర్వాత గుంత పక్కన గొంతుక్కూర్చొని నిన్నటి నీళ్లు నెమ్మదిగా పోశాడు. ఆయన రిటైరయ్యాక ఆ పని నాకు వచ్చింది. ఎవరూ అప్పగించలేదు. రాష్ట్రం వచ్చింది, ఆఫీసుకు కొత్త రంగు వేశారు, ఆ టెంటు ఫొటో ఒకటి గోడకు పెట్టారు. అందులో అందరూ ఉన్నారు. పొద్దున బిందె ఎత్తుకొని వెనక్కి పోయేటప్పుడు రోజూ దాని ముందు నుంచే పోవాలి.