పోలయ్య తాత చుక్క మీద కాగితం

బరంపురం దగ్గర చమఖండి రేవులో ముప్ఫై పడవల వలలు ఒక్క పూటలో ఒకదానికొకటి ముడిపడిపోయి, విడదీయడానికి ఊరంతటికీ రెండు రోజులు పట్టిన సంగతి మీరు విని ఉండరు. తుఫాను వల్ల జరిగి ఉంటే పేపర్లో వచ్చేది. అది సెలోటేపు వల్ల జరిగింది. ఆ సెలోటేపు నాది. అందుకని ఇప్పుడు నేనే రాయాల్సి వస్తోంది.

అప్పటికి నేను బరంపురంలో చరిత్రలో పీహెచ్‌డీ చేస్తున్నాను. చేస్తున్నాను అంటే, అంకులిలో మా డాబా మీద కుర్చీ వేసుకుని కూర్చుని, చేస్తున్నానని వచ్చేపోయే వాళ్లందరికీ చెబుతున్నాను. రాజులూ యుద్ధాలూ పాత పద్ధతి, చరిత్ర అంటే ఇకమీదట నీళ్లూ గాలీ చేపలూ వాటితో బతికే మనుషులూ అని మా గైడు గారు తేల్చేశారు. ఆయన ఒడియా ఆయన, చాలా మంచివారు, ఏం చెప్పినా మూడుసార్లు చెబుతారు. కాగితం మీద లేని చరిత్రను మనుషుల నోట వినాలి, విన్నదాన్ని పటంగా గీయాలి, గీసినదాన్ని మళ్లీ ఆ మనుషుల ముందే పెట్టాలి, ఇదీ ఆయన కొత్త పద్ధతి. మూడోసారి చెప్పేసరికి నాకు పూనకం వచ్చేసింది.

నేను ఎంచుకున్నది సముద్రంలోని చోట్లు. చేపలు బాగా పడే చోటు ఒకటి ఉందనుకోండి, మర్నాడు దాన్ని పట్టుకోవడం ఎలా? నీళ్ల మీద మైలురాయి పాతలేరు కదా. అందుకని మన జాలర్లు పడవలోంచి ఒడ్డువైపు చూస్తారు. గుడి శిఖరం వెనక ఫలానా కొండ కొస వచ్చి, ఫలానా తాటిచెట్టు నీళ్ల ట్యాంకు పక్కన నిలిస్తే, అదీ చోటు. దాన్ని గురుతు అంటారు. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. ఇప్పుడు అన్నీ ఫోన్లలో ఉన్నాయి కదా అంటారేమో. ఫోన్లో దాచుకున్న గురుతును కూడా పక్క పడవవాడికి ఎవరూ చూపించరు. ఎవరి గురుతు వాళ్ల గుట్టు. చమఖండిలో ఈ సంగతి తెలియని ప్రాణి లేదు. నేను ఆ ఊరిదాన్ని కాదు.

మూడు నెలలు స్కూటీ మీద తిరిగి పదకొండు మందిని అడిగాను. పదకొండు మందీ టీ తాగినంత సేపట్లో చెప్పేశారు. రేషను కార్డు నంబరు అడిగితే సవాలక్ష ప్రశ్నలు వేసే మనుషులు, తాతల నాటి గుట్టును చేతిలో పెట్టేశారు. ఇదంతా నా మాటతీరు మహిమ అనుకున్నాను. నవ్వకండి, అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు.

అందరిలోకీ పోలయ్య తాత తీరే వేరు. డెబ్బై దాటిన మనిషి. నన్ను ఇసకలో బోర్లించిన పడవ నీడన కూర్చోబెట్టి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"రెండు కొండల సందులోన నీళ్ల టేంకు కనిపిస్తాది సూడు, ఆ తిన్నగా లోనికి పోవాలి. నా కోనాం చేప అక్కడుంటాది. నీకు కాబట్టి సెప్తన్నాను. నా కూతురులాటి దానివి."

నాకు కళ్లు చెమర్చాయి. ఇంటికొచ్చి అమ్మతో చెబితే, ఆ మాట వంకాయల బండివాడు కూడా రోజూ అంటాడంది. అమ్మకు పరిశోధన గురించి ఏం తెలుసులే అని ఊరుకున్నాను.

బరంపురంలో ఎన్నికల ఫ్లెక్సీలు వేసే షాపుకెళ్లి పది అడుగుల పటం వేయించాను. నీలం సముద్రం, పదకొండు ఎర్ర చుక్కలు, ఒక్కో చుక్క పక్కన చెప్పినవాడి పేరు, తెలుగులోనూ ఒడియాలోనూ. చెప్పినవాడి పేరు పెట్టి గౌరవించాలన్నది కూడా కొత్త పద్ధతిలో భాగమే. ఒక ఆదివారం పొద్దున దాన్ని ఊళ్లోని తుఫాను షెల్టరు గోడకు కట్టాం. గైడు గారొచ్చి మూడుసార్లు మాట్లాడారు. జాలర్లు పటం దగ్గరకొచ్చి ఒకరి చుక్క ఒకరు వేలు పెట్టి చూశారు, గడ్డాలు నిమురుకున్నారు, బాగా ఏసినావమ్మా అన్నారు, బిస్కెట్లు తిన్నారు, వెళ్లిపోయారు. ఒక్కరూ ఒక్క ప్రశ్న అడగలేదు. ఊరు ఆమోదించిందని గైడు గారు ఆనందపడి బరంపురం వెళ్లిపోయారు.

ఫ్లెక్సీ ముందు నిలబడి నేను ఫొటోలు తీసుకుంటుంటే, పోలయ్య తాత భార్య గురమ్మ మామ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుని షెల్టరు వెనక్కి లాక్కుపోయింది.

"ముసిలోడు నీకు గురుతు సెప్పీసినాడా? యాభై ఏళ్ల కాపరంలోన నాకే సెప్పనేదు. నువ్వది తెచ్చి గోడకి కట్టినావు. రేపట్నించి ఊరందరూ అక్కడే వలేస్తే మేమేటి తినాలమ్మా?"

మిగతా పది మందికీ మోటారు బోట్లున్నాయి, చేతికందిన కొడుకులున్నారు. తాతకు ఉన్నవి రెండే, ఒక పాత పడవ, ఆ చోటు. నన్ను కూతురనుకుని చెప్పిన మాటను నేను పది అడుగుల ఫ్లెక్సీ మీద రంగుల్లో అచ్చేయించాను. ఆ పూట నామీద నాకు పుట్టిన అసహ్యం ఇంతా అంతా కాదు. వెళ్లి తాతతో చెప్పుకుందామంటే మొహం చెల్లలేదు.

అప్పుడు వచ్చింది నాకు ఆ దిక్కుమాలిన ఆలోచన. బ్యాగులో తెల్లకాగితాలున్నాయి, సెలోటేపు ఉంది. గబగబా కాగితం చింపి, తాత పేరునూ చుక్కనూ కలిపి కప్పి, నాలుగు వైపులా టేపు అంటించేశాను. అంత నీలం సముద్రంలో ఆ తెల్ల కాగితం అరమైలు దూరానికి కనబడుతోంది. షెల్టరు అరుగు మీద నలుగురు పేకాడుతున్నారు. అందులో అప్పన్న అనే ఆయన చుక్క కూడా పటంలో ఉంది. ఆయన ముక్కలు పట్టుకునే అడిగాడు.

"ఏటమ్మా సేస్తన్నావు?"

"పేరులో తప్పు పడింది, మూస్తున్నాను."

"పోలయ్య పేరొక్కటేనా? సుక్క కూడా మూసీసినావు."

"చుక్క కూడా తప్పే పడింది."

"మరి మా సుక్కలో?"

"మీవన్నీ కరెక్టుగానే ఉన్నాయి."

ఆ మాటకు నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పన్న ముక్కలు బోర్లించి, ఇంట్లో పనుందంటూ లేచాడు. వెనకే మిగతా ముగ్గురికీ ఇంట్లో పనులు గుర్తొచ్చాయి. నేనేమో ఒక పేద కుటుంబాన్ని కాపాడానన్న తృప్తితో స్కూటీ ఎక్కాను. ఆ రాత్రి హాయిగా నిద్ర కూడా పోయాను, చూడండి నా ధైర్యం.

మర్నాడు ఎనిమిదింటికి రేవుకెళితే ఒడ్డున ఒక్క పడవ లేదు. ఆడవాళ్లందరూ కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని సముద్రంకేసి చూస్తున్నారు. రెండు కొండల సందులో నీళ్ల ట్యాంకు కనిపించే చోటుకు కాగితం సంగతి చూసీ వినీ ఊరంతా ఎవరికి వారు గుట్టుగా, ఇంకెవరికీ తెలియదనుకుని, చీకటితోనే వెళ్లారట. వెళ్లినవాళ్లకు అక్కడ మిగతా వాళ్లందరూ కనబడ్డారు. ఎవరూ వెనక్కి తగ్గలేదు. ముప్ఫై వలలు ఒకే చోట పడ్డాయి, ఒకదాంట్లో ఒకటి చిక్కుకున్నాయి. తొమ్మిదింటికి పడవలన్నీ ఒకే చిక్కుముడిని లాక్కుంటూ, పెళ్లివారిలా కలిసి ఒడ్డుకొచ్చాయి. అంత ముడిలో చేపలు రెండు గుప్పిళ్లు కూడా లేవు. తిట్లు మాత్రం పడవలకొద్దీ ఉన్నాయి, తెలుగులోనూ ఒడియాలోనూ. ఊరు నా పేరు మర్చిపోలేదని అప్పుడే తెలిసింది.

చివరగా, ఎవరూ చూడని ఉత్తరపు వైపు నుంచి, ఒక్క పడవ తీరిగ్గా వచ్చింది. అందులో పోలయ్య తాత. ఆయన కాళ్ల దగ్గర మెరిసే కోనాలు, అడుగు పెట్టే చోటు లేకుండా. నేను ఏడుపు మొహంతో ఎదురెళ్లి, నీ గుట్టు రట్టు చేశాను తాతా, క్షమించు అన్నాను. ఆయన నన్ను జాలిగా చూశాడు.

"నువ్వు పటం ఏసినప్పుడు ఎవులూ నమ్మనేదమ్మా. మూసినప్పుడు నమ్మినారు."

"అయితే నువ్వు నాకు చెప్పిన చోటు?"

"అక్కడేటీ నేదు. గుమ్మంలోకి ఒచ్చినోళ్లకి మంచినీళ్లు ఇస్తాం కదా, అడిగినోళ్లకి ఏదో సోటు సెప్పాలి. నేదంటే మరియాద కాదు. అందరం అలాగే సెప్పినాం."

"కూతురులాంటి దానివన్నావు కదా."

"మా కూతురికీ అదే సోటు సెప్పినాను."

పక్కనున్న గురమ్మ మామ్మ మొహం వెలిగిపోయింది. తనకు చెప్పనిది మొగుడు ఇంకెవరికీ చెప్పలేదన్న మాట. ఆవిడ నాకు రెండు కోనాలు ఇచ్చి, ఇసకలో కూర్చోబెట్టి, వల చిక్కు విడదీయడం నేర్పింది. రెండు రోజులు ఊరి ఆడవాళ్ల మధ్య కూర్చుని విడదీశాను. వాళ్లు నా చదువు గురించి అడిగిన ప్రశ్నలకు మా యూనివర్సిటీలో ఎవరూ జవాబు చెప్పలేరు. ఫోన్లో గైడు గారికి జరిగింది చెబితే, ఆయన పగలబడి నవ్వారు. పదకొండు మంది మర్యాదగా చెప్పిన పదకొండు అబద్ధాలే నా అసలు అధ్యాయం, ఇక అదే రాయమన్నారు. మూడుసార్లు.

మూడో రోజు ఫ్లెక్సీ విప్పుకుని పోదామని షెల్టరుకెళ్లాను. అక్కడ అప్పన్న నిలబడి ఉన్నాడు. తిడతాడనుకుని తల దించుకున్నాను. ఆయన చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

"అమ్మా, ఆ టేపు ఇంకా ఉన్నాదా? నా సుక్క మీద కూడా ఒక కాగితం అంటించీ. అందరూ సూస్తుండగా అంటించాలి."

ఆయన వెనక ఇంకో ముగ్గురు వరసలో నిలబడి ఉన్నారు.

ఫ్లెక్సీ అక్కడే వదిలేశాను. టేపు చుట్ట అప్పన్న చేతిలో పెట్టి, సముద్రానికి దణ్ణం పెట్టుకుని, గట్టిగా ఒట్టేసుకున్నాను. ఇకమీదట ఏ మనిషి గుట్టునూ అడగను, అడిగినా అచ్చేయించను, అచ్చేయించినా ఈ జన్మలో మూయను. నన్నెవరైనా కూతురులాంటి దానివంటే మాత్రం, ముందు వాళ్ల కూతురిని కలిసి వస్తాను.