మగారి అంటే ‘కానీ’ కాదు

వర్జీనియాలో మేముండే హెర్న్‌డన్ నుంచి బాల్టిమోర్‌కి నేను బయల్దేరింది నా నవల కోసం. 2006లో మావారి ప్రాజెక్ట్ పుణ్యమా అని ఇటలీలోని లుక్కాలో, కోటగోడ లోపలి పాత ఇంట్లో ఎనిమిది నెలలు అద్దెకున్నాం. కింది వాటాలో ఇంటావిడ మరియా. నా నవలలో ముసలావిడ ఆమే. మాట్లాడుతూ మాట్లాడుతూ ‘మగారి’ అని ఆగిపోయేది. హైదరాబాదులో పెరిగిన నా చెవికి అది మన ఉర్దూ ‘మగర్’. అంటే ‘కానీ’. ఖాళీ చేసే రోజు, “మళ్ళీ వస్తాం, మీ దగ్గరే ఉంటాం” అన్నాను. “మగారి” అంది. నా మనసు చివుక్కుమంది. ఆమె పంపిన రెండు క్రిస్మస్ కార్డులకూ జవాబివ్వలేదు. ఎవరినీ దగ్గరకు రానివ్వని మనిషిగా రాసి, నవలకు ‘కానీ’ అని పేరు పెట్టి, తెలివైనదాన్నని మురిసిపోయాను.

మూడేళ్ళ తర్వాత, అచ్చుకు ముందు సరిచూసుకోవడానికి నవల ప్రూఫ్ వచ్చింది. అందులోని ఇటాలియన్ మాటలు ఎవరికైనా చూపించాలి. పక్కింటి పద్మ డ్రైవ్ చేసింది. పదింటికి బయల్దేరి, వాషింగ్టన్ చుట్టూ తిరిగే బెల్ట్‌వే మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుని, పదకొండున్నరకు బాల్టిమోర్‌లో ఇటాలియన్లు ఉండే పేట లిటిల్ ఇటలీ చేరాం. వీధిలోనే పార్కింగ్ దొరికింది.

“అక్కా, ప్రింట్‌కి ఎప్పుడు పంపాలి?”

“శుక్రవారం. టైటిల్ పేజీ కూడా ఓకే చేసేశాను.”

మేం వెళ్ళిన చిన్న హోటల్లో వంటావిడది లుక్కా పక్క ఊరే. పద్నాలుగు డాలర్ల పాస్తా తిన్నాక, ఇటాలియన్ మాటల పక్కన ఇంగ్లీషులో అర్థాలు రాసుకున్న నా జాబితా చూపించాను. చదువుకుంటూ వచ్చి ‘మగారి’ దగ్గర ఆగింది.

“ఇది ‘but’ కాదు. అలా జరిగితే ఎంత బాగుండు అనిపించినప్పుడు అంటాం. నీతో ఎవరన్నారు?”

చెప్పాను.

“అయితే నువ్వు రావాలని కోరుకుంది. ఫోన్ చెయ్యి.”

“జనవరిలో పోయారు. మేనకోడలు కార్డు రాసింది.”

ఆమె నా ప్లేటు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. తిరుగుదారిలో పద్మ, “పేరు మార్చెయ్యి అక్కా, ఇంకా టైముందిగా” అంది.

పేరు మార్చవచ్చు. రెండు వందల పేజీలు మళ్ళీ రాయవచ్చు. కానీ నన్ను రమ్మన్న మనిషిని పొమ్మన్నదిగా రాసిన చెయ్యి ఇది. దీనితో ఇంకేం రాసినా నాకు నమ్మకం లేదు. శుక్రవారం ప్రూఫ్ పంపలేదు, ఆ తర్వాతా పంపలేదు.

మీరూ వెళ్తే సోమవారం వద్దు, హోటల్ మూసి ఉంటుంది. మధ్యాహ్నం రెండు దాటాక వంటావిడ తీరిగ్గా మాట్లాడుతుంది. తెలియని మాటలు రాసుకెళ్ళండి. తెలుసనుకున్నవి ముందు రాసుకోండి.