కోసేసిన పిలుపు

“నా బిడ్డ ఇంక మాట్లాడదేమోనప్పా.”

ఈ మాట నేను మొదట పైకి అన్నది నా భర్తతో కాదు, డాక్టరుతోనూ కాదు. బాగేపల్లి బస్టాండు పక్కన వేయించిన శెనక్కాయలు అమ్మే బయ్యప్పతో. నేత్రకు రెండేళ్లు దాటినా ఒక్క మాట రాలేదు. వారానికోసారి దాన్ని చిక్కబళ్లాపురానికి స్పీచ్ థెరపీకి తీసుకుపోయేదాన్ని. బస్సు వచ్చేదాకా ఆయన కొట్టు ముందరి బెంచీ మీద కూర్చునేవాళ్లం.

ఆయన ఓదార్చలేదు. “ఏమోనమ్మా,” అని, పొట్టు ఊదిన రెండు గింజలు నేత్ర చేతిలో పెట్టబోయాడు. గొంతులో అడ్డం పడతాయేమోనని నేను అడ్డుపడ్డాను.

“అయితే నువ్వు తిను,” అన్నాడు.

అంతలో ఒక ఆటో పాట మోగిస్తూ వచ్చి ఆగింది. ఆ వారం పాటల యాప్‌లో మా వైపు జనం ఎక్కువగా విన్న పాటల్లో అదొకటి. యాడ చూసినా అదే మోగుతోంది. డ్రైవర్ నాగేశ్ బయటికి తలపెట్టి అరిచాడు. “నీ పాట ఇంత పైకెక్కె, నువ్వేమప్పా ఇంకా శెనక్కాయలు అమ్ముతాండావు!”

“పాటకి ఆకలి కాదు, నాకైతాది. డబ్బులిచ్చి పొట్లం తీస్కో.”

ఆ పాట ఆయనదని నాకు అప్పుడే తెలిసింది.

అది చేలో శెనక్కాయ చెట్లు పీకుతూ పాడే పాట. మొదట ఒక ఆడమనిషి గొంతెత్తి పొడవుగా పిలుస్తుంది. అటు చివరి సాళ్లలో ఉన్నవాళ్లు బదులిచ్చాకే పాట మొదలు. వాళ్ల ఊళ్లో ఆ పిలుపు బయ్యప్ప భార్య మునిలక్ష్మమ్మది, ఆ తర్వాత పాట ఎత్తుకునేది బయ్యప్ప. మేనల్లుడు దేవరాజ్ చేలోనే ఫోనులో రికార్డు చేసి యాప్‌లో పెట్టాడు. ఎవరూ వినలేదు. మరుసటి ఏడు ఆమె చనిపోయింది.

తర్వాత దేవరాజ్ లెక్క చూపించాడట. అర నిమిషమైనా వింటేనే ఆ యాప్ విన్నట్టు లెక్కేస్తుంది. జనం పిలుపు ముగియకముందే పక్క పాటకు పోతున్నారు. లెక్క పెరగకపోతే పాట జాబితాకెక్కదు, జాబితాలో లేని పాట కొత్తవాళ్ల కంట పడదు. “ముందరిది కోసేద్దాం మామా, నేరుగా పల్లవిలోకి దిగుదాం,” అన్నాడు. బయ్యప్ప సరేనన్నాడు. దేవరాజ్ మొదట పెట్టినదాన్ని తీసేసి, కోసిన పాట పెట్టాడు.

“జనం నోట్లో పడినాక మళ్ల అతికిస్తే పోలా అనుకుంటిని,” అన్నాడు నాతో.

పాట పైకెక్కాక ఆ పిలుపు అడిగితే, దేవరాజ్ పాత ఫోను మార్చేశానని, అసలు రికార్డు దాంతోనే పోయిందని అన్నాడు. ఆమె గొంతు విడిగా వినబడే రికార్డు ఇంకొకటి లేదు.

“నువ్వు సైన్సు చదివినావు గదమ్మా. ఆ ముక్క యాడన్నా ఉండాదేమో చూడు.”

చూశాను. దేవరాజ్‌తో యాప్ వాళ్లకు రాయించాను. తీసేసిన పాట తమ దగ్గర ఉండదన్నారు. ఊళ్లో అందరి ఫోన్లూ వెతికించాను. అందరి దగ్గరా ఉన్నది కోసిన పాటే. మొదటిదాన్ని దాచుకునేంతగా ఎవరూ వినలేదు కదా.

తర్వాతి వారం ఆ సంగతి చెప్పాను. బయ్యప్ప మంట తగ్గించి, ఇసుకలో కాయలు కదిపాడు.

“అందరూ వింటాండారమ్మా. నాకు మాత్రం, ఆమె పిలవకనే నేను పాడేసినట్లు ఉంటాది.”

నేను ఫోను తీశాను. థెరపిస్టుకు నేత్ర వీడియో పంపాల్సి ఉంది. బంతి చూపించి ఇదేమని నేను అడుగుతాను, అది చాలాసేపు నన్నే చూస్తుంది, చివర్లో “బ” అంటుంది. ఆ “బ” ఒక్కటి ఉంచి మిగతాది కత్తిరిస్తున్నాను.

“ఏమి చేస్తాండావమ్మా?” బయ్యప్ప తొంగి చూశాడు.

“ముందర అంతా ఉత్తదేనప్పా, తీసేస్తాండా.”

“ఉత్తది యాడుండాదమ్మా? బిడ్డ నిన్నే చూస్తాండాది గదా. కోయొద్దు. ఎంత పొడవున్నా అట్లే పెట్టుకో.”

నేత్రకు ఇంకా మాటలు రాలేదు. దాని వీడియోలు మాత్రం, ఎంత పొడవున్నా, అట్లే పెట్టుకుంటున్నాను.