నా బండిని చూస్తే ఆవిడకి వాంతి

2023 వేసవిలో మొదలైన సంగతి ఇది. నర్సీపట్నంలో నాకు సొంత ట్రావెల్స్ ఉంది. ట్రావెల్స్ అనగానే ఆఫీసు, అద్దాల తలుపు ఊహించుకోకండి. ఏడు సీట్ల తెల్ల బండి ఒకటి, దాన్ని తోలే నేనొకణ్ణి. బస్టాండు దగ్గర స్టాండులో పెడతాను. పెళ్ళిళ్ళు, మంచు చూడ్డానికి లంబసింగి వెళ్ళేవాళ్ళు, కొండల్లోని ఏజెన్సీ ఊళ్ళకి బదిలీ అయిన మేష్టార్ల సామాన్లు, ఇవీ నా ట్రిప్పులు. అన్నిటికన్నా ఎక్కువగా తిరిగేది మాత్రం విశాఖపట్నం ఆసుపత్రులకి.

ఆసుపత్రి ట్రిప్పుల్లో కీమో ట్రిప్పు తీరే వేరు. కీమో అంటే క్యాన్సర్‌కి సెలైన్‌లో కలిపి నరంలోకి ఎక్కించే మందు. ఒకసారి ఎక్కించడాన్ని సైకిల్ అంటారు. మూడు వారాలకోసారి వెళ్ళాలి. పొద్దున్న చేర్చుకుని సాయంత్రానికి పంపేసే వార్డుని డే కేర్ అంటారు. నేను ఏ కాలేజీలోనూ చదువుకోలేదు, ఈ మాటలన్నీ ఆసుపత్రి పార్కింగులో వెయిటింగ్‌లో ఉన్నప్పుడు చెవిన పడ్డవే.

నూకరత్నం గారిది గొలుగొండ మండలంలో ఒక ఊరు. రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్ అయింది, ఆ తర్వాత ఆరు సైకిల్స్ రాశారు. భర్త నాయుడు గారు చెరకు రైతు, కొంచెం వరిమడి, జీడితోట కూడా ఉన్నాయి. మొదటి రోజు తెల్లవారుతూనే వాళ్ళ ఇంటి ముందు బండి ఆపితే, ఆవిడ ఎక్కకుండా చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"ఏటి తమ్ముడూ, బండిని పెళ్ళికూతుర్లాగ ముస్తాబు సేసీసావు!" అంది.

నిజమే. డాష్‌బోర్డు మీద దేవుడి బొమ్మ, దానికో దండ, అప్పుడే వెలిగించిన అగరొత్తి, అద్దానికి వేలాడుతూ మల్లెపూల సెంటు సీసా. ఆసుపత్రికి వెళ్ళే బండి ఆసుపత్రిలా ఉండకూడదని నా పట్టుదల. ఆవిడ తమ్ముడూ అంది కనక నేను అప్పా అన్నాను. మా వైపు అక్కని అలాగే పిలుస్తాం. ఇంక దారంతా ఆవిడ నోరు మూతపడలేదు. తాళ్ళపాలెం వచ్చేలోపు నాకు ఎంతమంది పిల్లలో, ఏం చదువుతున్నారో, మా ఆవిడ కూరలో పులుపు ఎంత వేస్తుందో కూడా కనుక్కుంది. పక్కన నాయుడు గారు మాత్రం స్కాన్ ఫైలు ఒళ్ళో పెట్టుకుని, దాన్ని ఎవరైనా లాక్కుంటారేమో అన్నట్టు కూర్చున్నారు.

ఆ రోజు ఎక్కించినదాన్ని పేషెంట్లు ఎర్ర మందు అంటారు. మూత్రం ఎర్రగా వచ్చినా కంగారుపడొద్దనీ, అది మందు రంగేననీ సిస్టర్ చెప్పి పంపింది. తిరుగు దారిలో అనకాపల్లి దాటాక వాంతులు మొదలయ్యాయి. ఎన్నిసార్లు బండి పక్కకి తీశానో లెక్కలేదు. కడుపులోంచి పచ్చటి పసరు తప్ప ఏమీ రావడం లేదు. అడిగితే, పొద్దుణ్ణించి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదుట. సూదిమందు అంటే పరగడుపున వెళ్ళాలని మొగుడూ పెళ్ళాం ఇద్దరూ అనుకున్నారు. రక్తపరీక్షలకి తిరిగి తిరిగి అలవాటైన ప్రాణాలు మరి. వాంతి ఆపే మాత్ర కూడా ఇచ్చారు. వాంతి వచ్చాక వేసుకుందామని ఆవిడ దాన్ని భద్రంగా కొంగుకి ముడివేసుకుని కూర్చుంది.

రెండో సైకిల్‌కి వెళ్ళినప్పుడు డే కేర్ సిస్టర్ ఈ సంగతి విని తల పట్టుకుంది. ఆవిడ చెప్పింది బయట నిలబడి నేనూ విన్నాను. వాంతి మాత్ర వాంతికి ముందే వేసుకోవాలి, వచ్చాక కాదు. ఖాళీ కడుపుతో రాకూడదు, అలాగని పూరీలు తిని కూడా రాకూడదు. ఇంట్లో మూడు పూటలూ కంచం నిండా పెట్టుకోకుండా గంటకో రెండు గంటలకో కొంచెం కొంచెం తినాలి. వేడి అన్నం వాసన పడకపోతే చల్లారాక తినాలి. నోరు పూస్తే ఉప్పు, తినే సోడా కలిపిన నీళ్ళు పుక్కిలించాలి. జ్వరం వస్తే మాత్రం తెల్లవారనిద్దాం అనుకోకుండా వెంటనే బయల్దేరాలి.

ఆవిడ బుద్ధిగా అన్నీ పాటించింది. ఇంటి దగ్గర పరిస్థితి నిజంగానే మెరుగుపడింది. చల్లటి పెరుగన్నం గిన్నెలో పెట్టుకుని కోడిపిల్లలా కాస్త కాస్త తింటోందని నాయుడు గారు మురిసిపోయి చెప్పారు. జుట్టు మొత్తం రాలిపోతే, "పోన్లే, తలంటు నూనె మిగిలింది" అని నవ్వేసిందిట.

నేను కూడా నా వంతు సాయం చేశాను. సీటు వెనక కవర్లు, తడి తువ్వాలు, నిమ్మకాయ సిద్ధంగా పెట్టేవాణ్ణి. ట్రిప్పు అవగానే లోపలంతా ఫినాయిలుతో కడిగి, కొత్త మల్లెపూల సెంటు సీసా వేలాడదీసేవాణ్ణి. అయితే విచిత్రం ఏమిటంటే, ఇంటి దగ్గర తగ్గిన వాంతులు బండిలో పెరిగాయి. రెండోసారి తిరిగొచ్చేటప్పుడు ఆసుపత్రి గేటు దాటకముందే అయింది. మూడోసారి వెళ్ళేటప్పుడే, మాకవరపాలెం దగ్గర.

"ఇంకా మందే ఎక్కలేదు కదే, ఇప్పుడు వాంతేటి?" అన్నారు నాయుడు గారు.

"నాకేటి తెల్సు? అదేటి నన్నడిగి వస్తన్నాదేటి?" అని ఆవిడ మొహం తుడుచుకుంది.

నాలుగోసారి ఇంటి ముందు బండి ఆపి హారన్ కొట్టగానే, గుమ్మంలోనే అయిపోయింది. ఆ రోజు దారిలో ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. కళ్ళు మూసుకుని, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని కూర్చుంది. రోగం పాపం మనిషిని లోపలికి లాగేస్తోందనుకున్నాను.

ఐదో సైకిల్‌కి నేను బండి కడిగి తయారుగా ఉంటే, ముందురోజు నాయుడు గారి ఫోన్ వచ్చింది. "నాట్లు ఉన్నాయి తమ్ముడూ. ఈసారికి ఎల్లటం లేదు" అన్నారు. నాట్ల కోసం కీమో మానేసే మనిషి కాదాయన. గొంతులోనే తేడా తెలిసింది, కానీ డ్రైవరు అంతకంటే అడక్కూడదు.

ఆ వారంలోనే వేరే పేషెంటుని తీసుకుని అదే ఆసుపత్రికి వెళ్ళాను. సిస్టర్ నన్ను చూడగానే పట్టుకుంది.

"సూరిబాబు గారూ, మీ నూకరత్నం గారు ఏరీ? ఫోన్ చేస్తే ఇంక రామని పెట్టేశారు. ఆపరేషన్‌లో గడ్డ తీసేసినా, కంటికి కనబడనివి ఏమైనా మిగిలిపోతే వాటి కోసమే ఈ మందు. సగంలో ఆపితే జబ్బు తిరగబెట్టొచ్చు. ఇంత బాధ పడింది దేనికి మరి?"

నాకు తెలిసింది చెప్పాను. మొదట తిరుగు దారిలో, తర్వాత గేటు దగ్గర, తర్వాత వెళ్ళేటప్పుడు, ఆఖరికి గుమ్మంలో. వింటూనే సిస్టర్ నా చొక్కా వైపు వంగి ఒకసారి వాసన చూసింది.

"దీన్ని యాంటిసిపేటరీ నాసియా అంటారండీ" అంది. "మందు తాలూకు వాంతి కాదు ఇది. మందుతో పాటు ప్రతిసారీ ఎదురైనవాటిని ఒళ్ళు గుర్తు పెట్టేసుకుంటుంది. వాసన, దారి, బండి, మనిషి. ఏది ఎదురైనా కడుపు ముందే తిరగబడుతుంది. కొందరికి మమ్మల్ని బజార్లో చూసినా అవుతుంది. దీనికి మాత్రలు వేరే ఉన్నాయి, డాక్టరు గారు రాస్తారు. వాటితో పాటు మార్చగలిగినవి మార్చెయ్యాలి. ఆసుపత్రిని నేను మార్చలేను."

అంటే మిగిలింది నేనూ నా బండీ. నిజం చెప్తున్నాను, నాకు ఒళ్ళు మండింది. ఎంతమంది రోగుల్ని మోసిన బండి! పది రకాల సెంట్లు వాసన చూసి ఏరి కొన్న మల్లెపూల సీసా! వచ్చేదారిలో రెండుసార్లు ఆ సీసా వైపు చూసి తిట్టుకున్నాను. ఎవర్ని తిట్టానో నాకే తెలీదు.

మర్నాడు స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, బండి వదిలేసి మోటారు సైకిల్ మీద గొలుగొండ వైపు వెళ్ళాను. నూకరత్నం గారు అరుగు మీద చేట పెట్టుకుని బియ్యం ఏరుతోంది. "అప్పా" అన్నాను. తలెత్తి చూసింది. మొదట నవ్వే వచ్చింది. ఆ నవ్వు పూర్తికాకుండానే చెయ్యి నోటికి అడ్డం వెళ్ళింది. చేట కింద పడేసి పెరట్లోకి పరిగెత్తింది.

"పొద్దుణ్ణించి దానికి కడుపులో బాగోలేదు" అన్నారు నాయుడు గారు, నా వైపు చూడకుండా.

నేను వాకిలి చివరికి వెళ్ళి, గడ్డిమేటు వైపు మొహం తిప్పి నిలబడ్డాను. ఆవిడ వెనక్కి వచ్చి కూర్చున్న చప్పుడయ్యాక, అటు తిరిగే మాట్లాడాను.

"అప్పా, ఒకటడుగుతాను, నిజం సెప్పు. మందుకి బెదిరి మానేసావా, నా బండికి బెదిరి మానేసావా?"

"బండికి బెదరడమేటి తమ్ముడూ, అలాటిదేటీ లేదు" అని నాయుడు గారు అందుకున్నారు.

"నువ్వూరుకో" అంది ఆవిడ. తర్వాత మెల్లగా చెప్పింది. "మొదట్లో ఆ మల్లి సెంటు ముక్కుకి తగిల్తే తిప్పీది. తర్వాత బండి సూస్తేనే తిప్పీది. ఇప్పుడు నీ గొంతు ఇన్నా అలగే అవతన్నాది. ఎలగ సెప్పమంటావురా? నాను కక్కుతుంటే కవరు పట్టావు. మూతి తుడిసావు. కడుపున పుట్టినోడు సెయ్యడు అలాగ. నీ బండొద్దు అని ఏ నోటితో అందును?"

"మరైతే వేరే బండిలో ఎల్లొచ్చు కదా?"

"ఈయన అన్నాడు. నానే ఒద్దన్నాను. స్టాండులో నీకు తెలిస్తే ఏటనుకుంటావు? సేసిందంతా మర్సిపోయి, ఇంకో బండెక్కీసిందనుకోవూ?"

నా మనసు నొచ్చుకుంటుందని ఆ మనిషి తన ప్రాణాన్నే పక్కన పెట్టేసింది. ఇంతకంటే దండగమారి మొహమాటం నేను ఎక్కడా చూడలేదు. తిడదామని నోరు తెరిస్తే కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. అటు తిరిగి ఉన్నాను కనక వాళ్ళు చూడలేదు.

"ఒద్దని సెప్పు అప్పా. నీ బండొద్దు, నువ్వూ ఒద్దు అని ఒక్కసారి గట్టిగా సెప్పీ. నాను ఇని ఎల్లిపోతాను" అన్నాను.

మళ్ళీ అడిగితే చెప్పింది. నేను వెనక్కి చూడకుండా మోటారు సైకిల్ స్టార్ట్ చేసి వచ్చేశాను.

స్టాండులో అప్పలరాజు అని నా స్నేహితుడున్నాడు. వాడి బూడిద రంగు బండికి సెంటూ ఉండదు, దండా ఉండదు, దుమ్ము తప్ప. అంత బద్ధకం మనిషి ఒక మంచి పనికి ఉపయోగపడతాడని నేను అనుకోలేదు. వాడిని కూర్చోబెట్టి చెప్పాను. ఏసీ వెయ్యకు, అద్దాలు దించు. ముందురోజు నుంచి చుట్ట ముట్టుకోకు. తాళ్ళపాలెం మీదుగా వెళ్ళకు, కోటవురట్ల మీదుగా అడ్డరోడ్డు జంక్షన్‌కి వెళ్ళి హైవే ఎక్కు. నా పేరు ఎత్తకు. సిస్టర్ డాక్టరు గారి చేత రాయించిన కొత్త మాత్రల్ని ముందురోజు రాత్రి నుంచే వెయ్యడం, బయల్దేరే ముందు చట్నీ లేకుండా రెండు ఇడ్లీలు పెట్టడం నాయుడు గారి వంతు, ఆయనకి ఫోన్లో చెప్పాను.

ఆ పొద్దున్న నేను ఏ ట్రిప్పూ ఒప్పుకోలేదు. స్టాండులో టీ మీద టీ తాగుతూ కూర్చున్నాను. హైవే ఎక్కాక అప్పలరాజు ఫోన్ చేశాడు.

"ఏటీ అవలేదు గురూ. చెరుకుతోట ఎలా ఎయ్యాలో నాకు పాఠం సెప్తన్నాది. నోరు మూతపడితే ఒట్టు."

నాకు చాలా సంతోషం వేసింది. దాంతోపాటు అప్పలరాజు మీద కాస్త కుళ్ళు కూడా పుట్టింది. ఆ కబుర్లన్నీ నావి కదా.

వాంతులు పూర్తిగా మాయమైపోయాయని చెప్తే అబద్ధం. డే కేర్ తలుపు దగ్గర స్పిరిట్ వాసనకి ఒకసారి అయ్యింది, మందు ఎక్కాక ఇంటి దగ్గర ఒకటి రెండు రోజులు అయ్యాయి. అవి ఓర్చుకోగలిగినవి. ఐదోదీ, ఆరోదీ పూర్తయ్యాయి. ఆ తర్వాత చేసిన పరీక్షల్లో ఏమీ లేదని చెప్పారు. ఆ కబురు కూడా అప్పలరాజు చెప్తేనే నాకు తెలిసింది.

ఈ అనుభవంతో నా బండిలో సెంటు సీసా తీసేశాను. కీమో ట్రిప్పు మాట్లాడటానికి వచ్చినవాళ్ళకి ముందే చెప్తాను: పరగడుపున రావొద్దు, మాత్ర ముందే వెయ్యండి, నా బండి పడకపోతే మొహమాటపడకుండా చెప్పండి, వేరే బండి నేనే మాట్లాడి పెడతాను. స్టాండులో మిగతావాళ్ళు నవ్వుతారు, వచ్చిన బేరాన్ని కాలదన్నుకునేవాణ్ణి నన్నే చూశారుట. మనం సాయం చేసినవాళ్ళు మనల్ని చూడగానే సంతోషించాలని ఒక ఆశ ఉంటుంది. ఆ ఆశ మనది, వాళ్ళ జబ్బుకి దాంతో పని లేదు.

కిందటేడాది బజార్లో ఆవిణ్ణి చూశాను. బట్టల షాపు మెట్లు దిగుతోంది. జుట్టు మళ్ళీ వచ్చింది, రింగులు తిరిగి, చిన్నపిల్ల జుట్టులా. మనిషి ఒళ్ళు చేసింది. సంతోషం ఆగక "అప్పా" అనెయ్యబోయాను. అప్పుడే ఆవిడ నన్ను చూసింది. ముందు నవ్వే వచ్చింది. వెంటనే కొంగు ముక్కు దగ్గరికి వెళ్ళింది.

నేను ఎవరినో వెతుక్కుంటున్నవాడిలా అటు తిరిగి, రోడ్డు దాటేశాను.

ఆ సాయంత్రం నాయుడు గారు ఫోన్ చేసి, ఇంటికొచ్చిన దగ్గర్నించి ఏడుస్తోందనీ, ఎదురుగా ఉన్నా తమ్ముడితో ఒక్క మాట మాట్లాడలేకపోయానంటోందనీ చెప్పారు.

"అన్నం తిన్నాదా?" అని అడిగాను.

"శుబ్బరంగా తిన్నాది" అన్నారు.

"మరింకేటి?" అన్నాను. ఇప్పటికీ ఆవిడ ఎక్కడైనా కనబడితే, ఆవిడకంటే ముందు నేనే చూసి రోడ్డు దాటేస్తాను.